బల్ల మీద కూర్చున్న నాడె

ఈమధ్య పుణెలో ఒక స్నేహితురాలి కూతురు కొత్త ఇంట్లోకి దిగితే చూసి రావడానికి వెళ్లాను. ఆ పిల్ల ఇల్లంతా తిప్పి చూపిస్తూ, హాల్లో కిటికీ పక్కనున్న చిన్న బల్ల దగ్గర ఆగి, ఇది పాతకాలపుది, ఎగ్జిబిషన్లో దొరికింది అని మురిపెంగా చెప్పింది. నల్లటి కర్ర నాడె. మగ్గం మీద పడుగు దారాల నడుమ అటూ ఇటూ పరుగెత్తుతూ పేక దారాన్ని పరిచే నాడె. దాని కడుపులో నూలు కండె ఉండాల్సిన తావులో మూడు పొట్టి మైనపు వత్తులు నిలబెట్టి ఉన్నాయి. మర్యాద తెలిసిన మనిషైతే బాగుందమ్మా అని ఊరుకోవాలి. నేను ఆ వత్తులు ఊడదీసి పక్కన పెట్టి, నాడెను తిరగేసి, దాని అడుగు మీద బొటనవేలితో రాసి చూశాను. చదునుగా ఉంది. ఆ పిల్ల నావైపు వింతగా చూసింది. ఇలాంటివి మా ఇంట్లో చేసేవాళ్లమని చెబితే, మీరు నేతవాళ్లా అని అడిగింది. కాదు, వడ్లవాళ్లం, కర్రపని వాళ్లం అన్నాను. ఇంకా చెప్పాలనే ఉంది కానీ లోపల వడ్డన మొదలైంది. ఆ నాడె మా తాత చేతిదో, మరెవరిదో నాకు తెలియదు, తెలుసుకునే దారీ లేదు. దాని అడుగు ఎందుకు చదునుగా ఉందో చెప్పగలిగిన మనిషి మా ఇంట్లో ఇక నేనొక్కదాన్నే మిగిలాను కనుక, ఆ కథ రాసిపెడుతున్నాను.

మా ఇల్లు సోలాపూర్ భవాని పేట్‌లో ఒక పాత వాడాలో ఉండేది. వాడా అంటే నడుమ బండలు పరిచిన వాకిలి, చుట్టూ గదులు, రెండేసి గదులకో సంసారం, అందరికీ కలిపి ఒక కొళాయి. ఉన్నవాళ్లంతా తెలంగాణ నుంచి బతకొచ్చిన సాలెవాళ్లే. మగ్గం ఉన్నచోట వడ్లవాడు లేకపోతే పని నడవదు కనుక వాళ్ల వెంట మా తాత తండ్రి కూడా కరీంనగర్ దిక్కునుంచి బాడిసె భుజాన వేసుకుని వచ్చాడట. నాకు బుద్ధి తెలిసేసరికి చేతిమగ్గాలు ఒక్కొక్కటే మూలపడుతున్నాయి. కుంఠా నాకా వైపు రేకుల షెడ్లలో పవర్లూములు పొద్దస్తమానం దడదడలాడేవి, పక్కింటివాళ్లతో మాట్లాడాలన్నా గొంతు పెంచాల్సి వచ్చేది. మా వాడాలో చేతిమగ్గం మిగిలింది ఒక్క అంబయ్య మామదే. ఆయన గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని తొమ్మిది గజాల చీరలు నేసేవాడు, నేస్తూ వచ్చేపోయేవాళ్లందరినీ తిట్టేవాడు. కోపం తక్కువుంటే తెలుగులో, ఎక్కువుంటే మరాఠీలో, మనిషి మీద నిజంగా ప్రేముంటే కన్నడంలో. నన్నెప్పుడూ కన్నడంలోనే తిట్టేవాడు.

మా రెండు గదులకు రెండు వాసనలు. ముందు గదిలో కుసుమ నూనె, వెనక గదిలో పొగాకు. ముందుది తాతదీ నాయినదీ. గోడకు ఉలులు, ఆకురాళ్లు, కర్రను చదును చేసే చిన్నా పెద్దా రందాలు, చూరు కింద ఎండబెట్టిన మొద్దులు, మూలన మూతపెట్టిన ఇత్తడి బకెట్లో నూనె, ఆ నూనెలో మునిగి నాడెలు. వెనకది అమ్మది. కిటికీ కింద ఈతచాప, ఒడిలో చాట, చాటలో పొగాకు, తడిగుడ్డ చుట్టిన ఆకు కట్టలు, కత్తెర, దారం ఉండ. బడి నుంచి రాగానే నేను ఏ గదిలో కూర్చుంటే ఆ గది వాసన నా జుట్టుకు పట్టేది. పక్కన కూర్చునే పిల్లలు వాసన చూసి, నిన్న మీ తాత దగ్గర కూసున్నవనో, మీ అమ్మ దగ్గర కూసున్నవనో చెప్పేసేవాళ్లు.

తాత చేసేది చేత్తో విసిరే నాడె. జానెడున్నర పొడుగు, రెండు కొసలూ సన్నం, నడుమ పడవలా తొలిచిన కడుపు, పక్కన దారం బయటికి రావడానికి చిన్న కన్ను. అడుగుభాగం మాత్రం గుండ్రంగా ఉండి తీరాలి. పడుగు దారాల మీద అది జారిపోవాలి తప్ప ఎక్కడా అంచు తగలకూడదు, తగిలితే దారం తెగుతుంది, దారం తెగితే అంబయ్య మామ నోరు తెరుచుకుంటుంది. కర్ర తునికి. పచ్చి తునికిని కొస్తే బయట లేత రంగే, లోపల మాత్రం బొగ్గులాంటి చేవ. తాత మొద్దును రంపంతో కోసేవాడు కాదు, నరం వెంబడి చీలికపెట్టి పగలగొట్టేవాడు. పగులు ఎటు పోతే కర్ర మనసు అటుందని ఆయన లెక్క. చీల్చిన ముక్కల కొసలకు పేడ పూసి చూరు కింద పడేసి, వాటి సంగతి మరిచిపోయినట్టే ఉండేవాడు. మళ్లీ ఎప్పుడో రెండు వానాకాలాలు దాటాక వాటికి మోక్షం. చెక్కి, తొలిచి, గాజుపెంకుతో గీకి, గరుకు కాగితంతో రుద్ది, నూనెలో నానేసి, తుడిచి, చివరికి అమ్మకు ఇచ్చేవాడు.

అమ్మకు ఎందుకంటే, నున్నదనం చూడడం అమ్మ పని. పత్తి పింజను నాడె మీదుగా లాగేది. ఒక్క పోగు చిక్కుకున్నా వెనక్కి పంపేది. తర్వాత నాడెను చెంపకు ఆనించి మెల్లగా జరిపేది. వేళ్లతో చూడొచ్చు కదా అని ఎవరైనా అడిగితే నవ్వేది. అమ్మ వేళ్ల కొసలకు స్పర్శ పోయింది. ఏళ్ల తరబడి బీడీ ఆకు చుట్టి, కొస మడిచి, దారం బిగించి, ఆ వేళ్లు గీతలు అరిగి నున్నబడ్డాయి. వేడి గిన్నె పట్టుకున్నా చురుక్కుమనేది కాదు. నాకు జ్వరం తగిలితే నుదుటి మీద చెయ్యి వెయ్యదు, చెంప ఆనించి చూసేది. అందరి అమ్మలూ అలాగే చూస్తారని నేను చాలాకాలం అనుకున్నాను.

నా చిన్నతనంలో నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపెట్టిన విషయం ఒకటి చెప్పాలి. ఒక మధ్యాహ్నం కట్టెలమ్మే వఖార్ నుంచి బండి మీద మొద్దులు దిగుతుంటే, ఒక మొద్దుకు ఇంకా ఒక రెమ్మ పట్టుకుని ఉంది. ఎండిన ఆకులు నాలుగు. ఆ ఆకును నేను ఎక్కడ చూసినా గుర్తుపడతాను. రోజూ రాత్రి నీళ్లలో నానేసేది నేనే కదా. ఆకు తీసుకుని తాత దగ్గరికి పరుగెత్తాను. "ఇది బీడీ ఆకు గద తాతా, ఈ మొద్దుకెందుకున్నది?" అన్నాను. "అదే చెట్టు బిడ్డా. ఆకు మీ అమ్మకు, చేవ నాకు" అన్నాడు తాత, అదో పెద్ద సంగతి కానట్టు. ఇంట్లో అందరికీ తెలుసట. ఎవరూ నాకు చెప్పలేదు. ఒక్క చెట్టు, ముందు గదిలో ఒకలాగా వెనక గదిలో ఒకలాగా మా ఇంట్లో బతుకుతోందని తెలిసి నేను ఆ రోజంతా రెండు గదుల నడుమ తిరుగుతూనే ఉన్నాను. ముందు గదిలో అది ఉలి కింద నవ్వుతున్నట్టుండేది. వెనక గదిలో అమ్మను దగ్గిస్తుండేది.

ఆ దగ్గు గురించే నా భయం. అమ్మ పొద్దున నీళ్ల వేళ దాటగానే చాట ఒడిలో పెట్టుకుంటే దీపాల వేళకు దించేది. మధ్యలో లేచేది వంటకూ, చుట్టిన బీడీలు కార్ఖానాలో అప్పగించి రావడానికీ మాత్రమే. తాత నాడెలు కొనేవాళ్లు తగ్గినకొద్దీ చాట ఒడిలో ఉండే వేళ పెరిగింది. నాయిన తలుపు చట్రాల పనికి బయటికి పోయేవాడు, అది ఉంటే ఉండేది, లేకుంటే లేదు. అమ్మ ఎవరితోనూ ఏమీ అనేది కాదు. ఒక్క నాతో, ఆకు కత్తిరిస్తూ, తల ఎత్తకుండా అంది: "నాకు ఇంకేం అక్కెర లేదు బిడ్డా. ఈ చాట దించాలె. కార్డు వాళ్లకిచ్చేసి రావాలె." కార్డంటే బీడీ కార్ఖానా ఇచ్చే గుర్తింపు. అది ఉంటేనే ఆకూ పొగాకూ ఇస్తారు. తిరిగి ఇచ్చేస్తే మళ్లీ దొరకడం కష్టం. అందుకని ఇచ్చేసే ధైర్యం ఆ వాడాలో ఎవరికీ ఉండేది కాదు.

అప్పుడొచ్చాడు సిద్రాం. బొంబాయి కంపెనీ ఒకటి సోలాపూర్ చద్దర్లు, తువ్వాళ్లు కొని పరదేశాలకు పంపేది, ఆయన దానికి ఏజెంటు. మరాఠీ, కన్నడం, తెలుగు మూడూ ఒకే వాక్యంలో కలిపి మాట్లాడే మనిషి. అంబయ్య మామ నేసిన చీర చూడడానికి వచ్చి, దాహమై మా గడపలో నీళ్లడిగి, గోడకున్న నాడె తీసి చేతిలో ఆడించి, ఇది నాకియ్యండి, దొరలకు చూపిస్త అన్నాడు. తాత ఇచ్చాడు. ఆ తర్వాత చాలా రోజులకు స్కూటర్ చప్పుడు చేసుకుంటూ వచ్చి, జర్మనీవాళ్లకు మీ నాడె తెగ నచ్చింది, నల్ల కర్రవే కావాలట, మిషను తగలకుండా చేత్తో చేసినవే కావాలట, మీ ఇద్దరి చేతులు ఖాళీ ఉండనన్ని కావాలట అని చెప్పాడు.

మా ఇంట్లో ఆ సాయంత్రం ఎవరూ సరిగా అన్నం తినలేదు. ఆశ ఒకటి, అంతకంటే ఎక్కువ ఆరా. జర్మనీలో చేతిమగ్గాలున్నాయా? ఉన్నాయి కాబట్టే కదా అడుగుతున్నారు అన్నాడు తాత. ఆయన ముఖం నిండా వెలుగు. ఇక్కడ మగ్గాలు పడిపోతున్నాయి కానీ లోకం మీద ఎక్కడో సాలెవాళ్లు దర్జాగా బతుకుతున్నారన్నమాట. మిషన్లు పుట్టించిన దేశమే మిషన్లకు విసిగి వెనక్కి తిరిగిందని అంబయ్య మామ తీర్పు. బళ్లో పిల్లలకు చూపించడానికేమో అని నాయిన అన్నాడు కానీ ఆయన మాట ఎవరూ చెవిన పెట్టలేదు. అక్కడి ఆడవాళ్లు కండెలు చుడతారా అని అమ్మ అడిగింది. నన్ను పుస్తకం తియ్యమన్నారు. నా భూగోళం పుస్తకంలో జర్మనీ చలిదేశం అని మాత్రమే ఉంది. తాతకు అది చాలు. చలిదేశమైతే నేసేది ఉన్ని. ఉన్ని దారం లావు. కన్ను మామూలుగా ఉంటే దారం పట్టేస్తుంది. అందుకని ఆయన బెజ్జం పెట్టే బర్మాకు కొస మార్చి, ప్రతి నాడెకూ కన్ను కొంచెం పెద్దది చేశాడు. కండె కూడా లావుంటుంది కనుక కడుపు కొంచెం లోతు తొలిచాడు. జర్మనీ సాలెవాడు ఎవరో మంచం మీద కూర్చుని ఎదురుచూస్తున్నట్టే మాట్లాడేవాడు. వాని చెయ్యి పెద్దగుంటదా చిన్నగుంటదా అని సిద్రాంను అడిగితే, మామా, నేను బొంబాయి దాటి పోలేదు అన్నాడు సిద్రాం.

ఆ నెలల్లో మా ఇల్లు ఇల్లులా లేదు. నల్ల పొడి అన్నంలో, నీళ్లలో, నా నోటుపుస్తకాల మధ్య. అందరికీ తుమ్ములు. అమ్మ చాట ముందు కూర్చునే వేళ సగమైంది, మిగతా సగం ముందు గదిలో పత్తి పింజతో. అమ్మను ముందు గదిలో వెలుతురులో చూడడం నాకు కొత్త. ఇక తాతకు ఒక పట్టింపు ఉండేది. మగ్గంలో ఒక్కసారైనా ఆడించకుండా ఆయన ఏ నాడెనూ గడప దాటనియ్యడు. పరదేశం పోయేదైనా అంతే. అందుకని ప్రతి నాడెనూ పట్టుకుని అంబయ్య మామ దగ్గరికి పోవడం, ఆయన నేత ఆపి, కండె మార్చి, ఈ చివర నుంచి ఆ చివరకు విసిరి చూడడం, బాగుంటే తిట్టకపోవడం. మొదట్లో సరదాగానే చేశాడు. తట్టలతో మోసుకురావడం మొదలయ్యాక మరాఠీలోకి దిగాడు. తన చీర ఎప్పుడు పూర్తవ్వాలి, జర్మనీవాడొచ్చి కట్టుకుంటాడా అన్నాడు. అయినా ఒక్కటి కూడా విసరకుండా వెనక్కి పంపలేదు. చివరికి అన్నిటినీ గడ్డి పరిచిన పెట్టెల్లో సర్ది, సిద్రాం తెచ్చిన టెంపోలో ఎక్కించారు. తాత టెంపో మలుపు తిరిగేదాకా వాకిట్లోనే నిలబడ్డాడు. అమ్మ ఆ వారం కార్ఖానాలో, త్వరలో కార్డు ఇచ్చేస్తానని చెప్పి కూడా వచ్చింది.

వానలు మొదలయ్యాక సిద్రాం మళ్లీ వచ్చాడు. స్కూటర్ దూరంగా ఆపి నడుచుకుంటూ వచ్చాడు, దాంతోనే ఏదో తేడాగా ఉందని తెలిసిపోయింది. చేతిసంచిలోంచి రెండు నాడెలు తీసి గచ్చు మీద పెట్టాడు. అవి అటూ ఇటూ ఊగి, ఒకటి పక్కకు ఒరిగింది. "మామా, మాల్ ఏక్‌నంబర్. పణ్ టేబల్ మీద బస్త లేదు" అన్నాడు. తాతకు అర్థం కాలేదు. నాడె బల్ల మీద కూర్చోవడం ఏమిటి? అప్పుడు సిద్రాం జేబులోంచి రంగుల కాగితం ఒకటి తీసి విప్పాడు. తెల్లటి గుడ్డ పరిచిన బల్ల, పింగాణీ పళ్లాలు, మధ్యలో ఒక నాడె, దాని కడుపులో వెలుగుతున్న మైనపు వత్తులు. తాత ఇచ్చిన మొదటి నాడెకు కింద ఏదో చెక్క అతికించి, దాన్ని నిలబెట్టి ఫోటో తీశారట. ఇప్పుడు అలా అతికించడం వాళ్లకు వీలుకాదట, నాడె దానంతటదే కూర్చోవాలట, వత్తి పడితే ఇల్లు అంటుకుంటుందట. అడుగు చదును చేసి ఇస్తే పంపినవన్నీ తీసుకుంటారు, ఇంకా అడుగుతారు. బొంబాయిలోనే ఆగిన పెట్టెలు ఎలాగూ వెనక్కి వస్తున్నాయి, చదును చెయ్యకపోతే ఇక ఇక్కడే ఉండిపోతాయి.

వాకిట్లో చాలామంది చేరారు. ఆ కాగితం చేతులు మారింది. నవ్వినవాళ్లు నవ్వారు. అంబయ్య మామ చేతికొచ్చాక ఆయన చాలాసేపు చూసి, ఏ భాషలోనూ ఏమీ అనకుండా మడిచి ఇచ్చేశాడు. నాకైతే ఆ బల్ల మీదున్న పళ్లాలు, వాటిలోని తిండి ఏమిటో చూడాలని ఆత్రం. తాత కాగితం వంక రెండోసారి చూడలేదు. "నాడె అడుగు కొయ్యిమంటవా?" అన్నాడు సిద్రాంతో. "కోస్తే అది నాడె గాదు. పొయ్యిల పెట్టుకోమను." నాయిన మెల్లగా, విడిగా చిన్న పీటలు చేసి ఇద్దామా అన్నాడు. సిద్రాం తల అడ్డంగా ఊపాడు. తాత లేచి, గోడకు రందా తగిలించి, వాకిట్లోకి పోయి కూర్చున్నాడు.

ఆ తర్వాత సిద్రాం టెంపో మళ్లీ వచ్చింది. వెనక్కి వచ్చిన పెట్టెలు చూరుదాకా పేరుకుని ముందు గదిలో కాలు పెట్టే చోటు లేకుండా పోయింది. నాయిన తలుపు చట్రాల పనికి పోవడం మొదలుపెట్టాడు. ఆయన తాతకు ఎదురు చెప్పే మనిషి కాదు. తాత గోడకున్న రందా తియ్యనే లేదు. ఆయన మొండితనం చూస్తే నాకు కోపం వచ్చేది, ఆయన ముఖం చూస్తే ఆ కోపం నిలిచేది కాదు. పంపింది సాలెవాడికి అనుకున్నాడు, చేరింది వత్తులకు. ఆ పెద్ద కన్నూ, ఆ లోతు కడుపూ, చలికి ఉన్ని నేసుకుంటున్న ఆ మనిషీ ఎక్కడా లేరు. అమ్మ మళ్లీ పొద్దున్నుంచి చాట ముందే. పోయిన నెలల లోటు పూడ్చాలని ఇంకా వేగంగా చుట్టేది. దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. వచ్చినప్పుడు చాటలోని పొగాకు ఎగరకుండా రెండు చేతులతో కప్పి దగ్గేది.

ఒక మధ్యాహ్నం అలా దగ్గి, ఆగి, అమ్మ చాట పక్కకు పెట్టింది. లేచింది. ముందు గదిలోకి వచ్చి పెట్టెలోంచి ఒక నాడె తీసింది. తాత గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని ఉన్నాడు, నిద్ర కాదు. అమ్మ గోడకున్న రందా అందుకుంది. మా ఇంట్లో ఆడవాళ్లు నాడె ముట్టేవాళ్లు, నూనె ముట్టేవాళ్లు, రందా ముట్టింది లేదు. తాత పని పీట మీద కూర్చుని, నాడెను బోర్లా కాళ్ల మధ్య ఇరికించి, దాని అడుగు మీద రందా పెట్టి నెట్టింది. మొదటిసారి జారింది. రెండోసారి పట్టింది. తునికి చేవ మీద రందా కదిలితే చేసే కర్రుమనే చప్పుడు మా వాడాలో అందరికీ తెలుసు, ఆ పని ఎవరు చేస్తున్నారో చూడడానికి అంబయ్య మామ మగ్గం ఆగింది. నల్లటి తొక్కు ఒకటి చుట్టుకుంటూ లేచి అమ్మ చీర మీద పడింది. అమ్మ ఆపలేదు. చెమట పట్టేదాకా నెట్టి, పొడి ఊది, నాడెను తాత ముందు గచ్చు మీద పెట్టింది. అది కదలలేదు.

"మామా, అది కూసుంటె నేను లేస్త" అంది అమ్మ.

 గొంతు పెంచలేదు. తాత కళ్లు తెరిచి ముందు నాడెను చూశాడు, తర్వాత అమ్మను చూశాడు. మామగారి ముఖంలోకి అమ్మ అలా సూటిగా చూడడం నేను అంతకుముందు ఎరగను. తాత తువ్వాల భుజాన వేసుకుని బయటికి పోయాడు. అమ్మ చీర మీది తొక్కులు దులుపుకుంది. నన్ను నీళ్లు తెమ్మంది, తాగింది, వెనక గదిలోకి పోయి చాట ముందు కూర్చుంది. నాయిన వచ్చాక నేనే జరిగిందంతా చెప్పాను. ఆయన ఆ నాడెను చేతిలోకి తీసుకుని, చదునైన అడుగు మీద చెయ్యి వేసి చూసి, పని పీట పక్కన పెట్టాడు.

దీపాలు పెట్టే వేళకు తాత వచ్చాడు. పని పీట మీద కూర్చుని, ఆ నాడెను కంటి ఎత్తుకు ఎత్తి, ఒక కన్ను మూసి చూశాడు. "ఒకదిక్కు దిగింది" అన్నాడు గోడతో చెప్పినట్టు. "కూసుండేటిదైనా సక్కగ కూసోవాలె గద." రందా తీసుకుని రెండు పట్టులు పట్టి, గచ్చు మీద పెట్టి, కొసను వేలితో నొక్కి చూసి, మళ్లీ ఒక పట్టు పట్టాడు. తర్వాత నాయినను పిలిచి పెట్టె మూత తియ్యమన్నాడు. వెనక గదిలో అమ్మ అన్నీ వింటూనే ఉంది. ఒక్కసారి ముక్కు చీదుకున్న చప్పుడు వచ్చింది, అంతే.

ఆ పని మా ఇంట్లో నా పెళ్లిదాకా నడిచింది. నాడెల తర్వాత గిన్నెలొచ్చాయి, చెంచాలొచ్చాయి, జుట్టుముడికి గుచ్చుకునే పుల్లలొచ్చాయి. అన్నీ తునికి చేవే. ఏ ముక్క ఎందుకో ముందే అడిగి తెలుసుకోవడం నాయిన పెట్టిన రివాజు. తాత మాత్రం నాడెలకు కన్ను పెట్టడం మానలేదు. వత్తులకు కన్నెందుకు అని సిద్రాం అడిగితే, లేకపోతే అది గుడ్డిది గద అనేవాడు. మగ్గంలో ఆడించడం మాత్రం మానేశాడు. అంబయ్య మామ ఒకరోజు తనే వచ్చి, ఇయ్యాల తేలేదేమని అడిగి, జవాబు వినకుండానే వెళ్లిపోయాడు. ఇప్పుడు ఆ వాడా లేదు, దాని చోట నాలుగంతస్తులు లేచాయి. పవర్లూముల షెడ్లలోనూ సగానికి తాళాలు. పాత పని పోయింది, పాత గౌరవం పోయింది అని సభల్లో కళ్లు తుడుచుకునేవాళ్లు నాకు చాలామంది తెలుసు. వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నాడె పరుగు ఆగిందని వాళ్ల బాధ. చాట ముందు ఎవరు ఎన్నేళ్లు కూర్చున్నారో అడిగినవాళ్లు వాళ్లలో లేరు. తాత బాధ నేను కళ్లారా చూశాను, అది నిజమైన బాధ. అయినా ఆ రందా మళ్లీ గోడకు తగిలించాలా అని నన్నెవరైనా అడిగితే వద్దనే చెబుతాను.

కార్డు ఇచ్చేసిన రోజు అమ్మ నన్ను వెంట తీసుకుపోయింది. కార్ఖానా జోడ్‌భావి పేట్ దగ్గర. పొద్దున్నే వరసలో ఆడవాళ్లు చాటలతో, బీడీ కట్టలతో. అమ్మ చేతిలో కార్డు తప్ప ఏమీ లేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు పట్టుకుని నిలబడింది. గుమస్తా కార్డు తీసుకుని, మళ్లీ కావాలంటే దొరకదు, ఆలోచించుకున్నావా అని అడిగాడు. ఆలోచించుకున్న అంది. వరసలోని ఒకామె అమ్మ భుజం తట్టింది. బయటికి వచ్చాక ఇంటికి ఎడమ గల్లీలోకి తిరగాలి. అమ్మ తిరగలేదు, నేరుగా నడిచింది. అమ్మా, ఇల్లు ఇటు అన్నాను. తెలుసు అంది.

ఆ పొద్దు మేం ఎక్కడెక్కడ తిరిగామో నాకే సరిగా తెలియదు. చద్దర్ల దుకాణం ముందు ఆగి అద్దంలోంచి లోపలికి చూసింది. ప్రతి బోర్డు మీదా ఏం రాసుందో నన్ను చదవమంది, మరాఠీలో చదివితే తెలుగులో చెప్పమంది. మిల్లు గోడ పొడుగునా నడిచి, దీని వెనక ఏముందని అడిగింది. కోట గోడ కనబడితే ఇది ఎవరు కట్టిన్రు అంది, నాకు తెలియదంటే బడిల ఏం చెప్తరు మరి అని కోప్పడింది. ఒక బండి దగ్గర వేడి భజ్జీలు కొని, ఇద్దరం నిలబడే తిన్నాం. రోడ్డు దాటేటప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, దాటాక కూడా వదల్లేదు. ప్రతి మలుపు దగ్గరా, అటు పోతే ఏమొస్తది అని అడిగేది. ఎండ నెత్తికెక్కాక, ఆకలి కూడా అయ్యాక, ఇక చాలు అనుకుని వెనక్కి తిరిగాం.

వాడా ముందు నాయిన అటూ ఇటూ తిరుగుతున్నాడు. తాత గడపలో నిలబడి ఉన్నాడు. పొయ్యి అంటుకోలేదు. కార్ఖానాలో ఏమన్నా గొడవైందా, ఇంతసేపు ఎక్కడికి పోయిన్రు అని నాయిన గాబరాగా అడిగాడు. పెళ్లై ఆ ఊరు వచ్చినప్పటి నుంచి అమ్మకు తెలిసిన దారి ఇంటి నుంచి కార్ఖానాకు, కార్ఖానా నుంచి ఇంటికి. అమ్మ చెప్పులు విడిచి, కొళాయి కింద కాళ్లు కడుక్కుని, కొంగుతో ముఖం తుడుచుకుంటూ చెప్పింది.

"సోలాపూర్ చూడనీకి పోయిన."